వల్వర్ కట్టి తెచ్చుకున్న కోడలు: ఖోస్త్ కొండల్లో నేను చూసిన పెళ్లి

నిశ్చితార్థం 2000లో, పాకిస్తాన్‌లోని మీరంషా దగ్గర శరణార్థి శిబిరంలో జరిగింది. పెళ్లి 2004లో, చలి మొదలవుతుండగా, అఫ్ఘానిస్తాన్‌లోని ఖోస్త్ ప్రాంతంలో, రెండు కుటుంబాల సొంత కొండల్లో జరిగింది. మధ్యలో నాలుగేళ్లూ పెళ్లికొడుకు షార్జాలో సెంట్రింగ్ పని చేశాడు. పిల్ల తండ్రికి కట్టాల్సిన వల్వర్ పూర్తయ్యేదాకా పిల్లను పంపరు. ఆ సొమ్ము కోసం పోయాడు, అది కూడాక వచ్చాడు, పెళ్లయిన రెండు నెలలకు మళ్లీ పోయాడు. ఈసారి పెళ్లి భోజనాలకు చేసిన అప్పు తీర్చడానికి.

నాకు ఈ లెక్క వింతగా అనిపించలేదు. మాది జగిత్యాల దగ్గర పల్లె. నా చిన్నప్పుడు మా బాపు దుబాయిలో ఉండేవాడు. అక్క కట్నం కోసమని పోయి, ఆ కట్నానికి చేసిన అప్పు కోసం అక్కడే ఉండిపోయాడు. మా ఇంట్లో ఆడపిల్ల తండ్రి ఎడారికి పోయాడు, వాళ్ల ఇంట్లో పెళ్లికొడుకే పోయాడు. అంతే తేడా.

అప్పట్లో నేను ఖోస్త్ పట్నంలో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున మంత్రసానులకు పని నేర్పేదాన్ని. తాలిబాన్ ప్రభుత్వం పడిపోయిన కొత్త. 2002లో చేసిన సర్వే ప్రకారం ఆ దేశంలో లక్ష కాన్పులకు 1600 మంది తల్లులు చనిపోతున్నారు. భార్యను మగ డాక్టరుకు చూపించని ఊళ్లలో ఆ అంకె తగ్గాలంటే ఆ ఊరి ఆడమనిషికే పని రావాలి. అందుకని చదవడం రాయడం వచ్చినవాళ్లను ఊళ్ల నుంచి తీసుకుని, ఏడాదిన్నర నేర్పించి, మళ్లీ అదే ఊరికి పంపేవాళ్లం. చదువొచ్చిన ఆడవాళ్లు దొరకడమే గగనం. దొరికినవాళ్లలో ఎక్కువమంది పాకిస్తాన్ శిబిరాల బళ్లలో నాలుగైదు తరగతులు వెళ్లినవాళ్లే.

ఆ పెళ్లికొడుకు ఇంటి పెద్దకోడలు అలా వచ్చింది. శిబిరంలో ఆమెకు ఉర్దూ కూడా అబ్బింది. నాది హైదరాబాద్ ఉర్దూ. ఇద్దరం కలిపి ఒక భాష చేసుకున్నాం. నన్ను బాజీ, అంటే అక్క, అని పిలిచేది. ఆమె పేరు ఇక్కడ రాయను. అక్కడ ఆడవాళ్ల పేరు బయటివాళ్ల ముందు పలకరు. మా ఆసుపత్రి రిజిస్టర్‌లో కూడా ‘ఫలానా వాడి తల్లి’, ‘ఫలానా వాడి భార్య’ అని రాయించేవాళ్లు. ఒకే కొడుకు పేరుతో ఒకేరోజు ముగ్గురు తల్లులు వస్తే ఎవరి రక్తం ఎవరిదో తేల్చుకోవడానికి మా తల ప్రాణం తోకకు వచ్చేది. ఈ పద్ధతి మీద అఫ్ఘాన్ ఆడవాళ్లే 2017లో ఉద్యమం మొదలుపెట్టారు. గుర్తింపు కార్డు మీద తండ్రి పేరుతోపాటు తల్లి పేరూ వేయడానికి 2020లో చట్టం మార్చారు. నేను ఉన్నప్పుడు అదంతా ఊహకు కూడా అందని మాట.

వాళ్ల ఊరు ఖోస్త్ నుంచి గార్దేజ్‌కు వెళ్లే దారిలో, సతుకందవ్ కనుమకు ఇవతల, రోడ్డు వదిలి వాగు వెంట పైకి ఎక్కితే వస్తుంది. జద్రాన్ తెగవాళ్లు. ఇల్లు మా వైపు గడీలాగా ఉంటుంది, కాకపోతే మొత్తం మట్టి. ఎత్తైన గోడలు, మూలన బురుజు, ఒకే పెద్ద తలుపు. లోపల ఒక్కో కొడుకు కుటుంబానికి ఒక్కో గది, అందరికీ కలిపి ఒక తందూరు. తలుపు బయట హుజ్రా, అంటే మగవాళ్లూ అతిథులూ కూర్చునే గది. లోపలి ఆడవాళ్లు హుజ్రాకు రారు, హుజ్రాకు వచ్చిన పరాయి మగవాడు లోపలికి రాడు. నేను పరాయి దేశపు ఆడదాన్ని కాబట్టి రెండు చోట్లా కూర్చోనిచ్చారు. హుజ్రాలో మామగారితో టీ తాగి, లోపలికెళ్లి అత్తగారితో మళ్లీ టీ తాగేదాన్ని. రెండు చోట్లా ఒకే పెళ్లి గురించి మాట్లాడేవాళ్లు గానీ వినేవాళ్లకు అవి రెండు వేరే పెళ్లిళ్లలా ఉండేవి.

సంబంధం ఎలా కుదిరిందో చెప్పింది అత్తగారు. ఆవిడను అందరూ అదయ్ అంటారు, అమ్మ అని. పిల్లను మొదట చూసేది ఆడవాళ్లే. శిబిరంలో ఉప్పు అడగడానికి వెళ్లినట్టు ఒక ఇంటికి వెళ్లింది. పిల్ల రొట్టె ఎలా కొడుతోంది, తమ్ముళ్లను ఎలా అదిలిస్తోంది, నడుస్తుంటే కాలు ఈడుస్తోందా, అన్నీ ఒక గంటలో చూసేసింది. నాలుగైదు సార్లు వెళ్లాక మనసులో మాట చెప్పింది. పిల్ల తల్లి వెంటనే ఔననలేదు. వెంటనే ఔనంటే పరువు తక్కువ. అక్కడి నుంచి పని మగవాళ్ల చేతుల్లోకి వెళ్లింది. పెద్దమనుషులు జట్టుగా పిల్ల తండ్రి హుజ్రాకు వెళ్లి కూర్చున్నారు. ఒకసారి కాదు, చాలాసార్లు. చివరికి పిల్ల వాళ్లు ఒక కుట్టుపని చేసిన చేతిరుమాలు, మిఠాయి ఇచ్చి పంపారు. ఆ రుమాలు ఇచ్చారంటే మాట ఇచ్చినట్టే. ఆ తర్వాత వెనక్కి తగ్గితే రెండు కుటుంబాల మధ్య రక్తపాతం దాకా పోవచ్చు.

పిల్లాడు అప్పటికి ఆ పిల్లను చూశాడా అని అడిగాను. అదయ్ నవ్వి, ‘నేను చూశాను కదా’ అంది.

ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. మా అక్కను కూడా మా బావ పెళ్లిచూపుల్లో పావుగంట చూశాడు. ఆ పావుగంట చూపుకు అంత గొప్ప ఉందని నేననుకోను.

వల్వర్ బేరం మాత్రం హుజ్రా కథ. మామగారు, ఆయన్ని బాబా అనేవాళ్లు, నాకు వేళ్ల మీద లెక్క చెప్పారు. రొక్కం కలదార్లలో. ఆ రోజుల్లో ఖోస్త్ బజారులో పాకిస్తాన్ రూపాయలే ఎక్కువ నడిచేవి, వాటినే కలదార్ అంటారు. రొక్కం కాక బంగారం, పిల్లకు ఇన్ని జతల బట్టలు, పిల్ల తల్లికీ మేనత్తలకూ బట్టలు, పిల్ల ఇంట్లో పెట్టే విందుకు బియ్యం, నెయ్యి, గొర్రెలు, చివరికి వంటచెరకు కూడా పిల్లాడి వాళ్లదే. మొత్తం లక్షల్లోకి వెళ్లింది. బాబాకు నాలుగు మడి చెక్కలు, కొన్ని మేకలు, కొండ మీద జల్గోజా పైన్ చెట్లలో వాటా. చెట్ల మీద వచ్చే గింజల డబ్బు ఏడాది ఇంటి ఖర్చుకే బొటాబొటి. అందుకే నాలుగో కొడుకును గల్ఫ్ పంపారు. ఖోస్త్ ప్రాంతంలో ఇది ఇంటింటి భాగవతం. జగిత్యాల బస్టాండులో వీసా ఏజెంటు బోర్డులు ఎన్ని ఉంటాయో, ఖోస్త్ బజారులోనూ దుబాయి టికెట్ల కొట్లు అన్ని కనిపించేవి.

వల్వర్‌కూ మెహర్‌కూ తేడా ఉందని నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఇస్లాం చెప్పేది మెహర్, అది పెళ్లికూతురి హక్కు, ఆమె చేతికే ఇవ్వాలి. వల్వర్ తెగ ఆచారం, అది తండ్రికి పోతుంది. ఊరి ముల్లా కూడా వల్వర్ మతంలో లేదనే చెప్పేవాడు. చెప్పి, ఆయన కూతురికి ఆయనా తీసుకున్నాడు.

దీన్ని తగ్గించాలని పైనుంచి చూసినవాళ్లు తక్కువేం కాదు. అమానుల్లా రాజు 1920లలో బాల్యవివాహాలను నిషేధిస్తూ, పెళ్లి ఖర్చులకు హద్దులు పెడుతూ చట్టం తెచ్చాడు. ఆయన తెచ్చిన కొత్త చట్టాల మీద 1924లో తిరుగుబాటు లేచింది సరిగ్గా ఈ ఖోస్త్‌లోనే, కుంటి ముల్లా అని పేరున్న ఒకాయన నాయకత్వంలో. అణచడానికి మరుసటి ఏడాది దాకా పట్టింది, రాజు చాలా వాటిలో వెనక్కి తగ్గాడు. తర్వాత 1978లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏడో నంబరు డిక్రీ వేసింది. మెహర్ 300 అఫ్ఘానీలు దాటకూడదు, పిల్లకు 16, పిల్లాడికి 18 నిండాలి. బాబాకు ఆ డిక్రీ బాగా గుర్తుంది. ‘రేడియోలో విన్నాం. ఆ కాగితం కనుమ దాటి ఇటు రాలేదు’ అన్నారు. తెగ పెద్దలు జిర్గా, అంటే పంచాయతీ, కూర్చుని ఇంతకుమించి తీసుకోకూడదని అప్పుడప్పుడు కట్టు పెడతారట, దాటితే జరిమానా. అది మాత్రం కొన్నాళ్లు నడుస్తుంది. తర్వాత ఎవరో గల్ఫ్ డబ్బున్నవాడు చాటుగా ఎక్కువ ఇస్తాడు, మళ్లీ మొదటికొస్తుంది.

పెళ్లికొడుకు పెళ్లికి కొద్ది రోజుల ముందు దిగాడు. వాడి సూట్‌కేస్ తెరిచినప్పుడు నేను లోపలే ఉన్నాను. అదే పెద్దపెద్ద పూల బరువు దుప్పటి, అదే అత్తరు సీసాలు, అదే టాంగ్ డబ్బా, పిల్లలకు అవే చాక్లెట్లు. మా బాపు పెట్టె తెరిచినప్పుడు వచ్చే వాసనే వచ్చింది. నేను లేచి బయటికెళ్లి కాసేపు తందూరు దగ్గర నిలబడ్డాను. పెద్దకోడలు వెనకే వచ్చి ‘ఏమైంది బాజీ’ అంది. పొగ అన్నాను.

పెళ్లి ముందు రాత్రి పెళ్లికొడుకు వైపు ఆడవాళ్లం గోరింటాకు తీసుకుని పిల్ల వాళ్ల ఊరికి వెళ్లాం. పికప్ బండి వెనక చాదర్లు కప్పుకుని, ఒకరి ఒళ్లో ఒకరం. అప్పటిదాకా నేను చూసిన ఆడవాళ్లు నోరు తెరిస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఆ రాత్రి తలుపులు మూశాక వేరే మనుషులయ్యారు. డఫ్ వాయిస్తూ రెండేసి పాదాల పాటలు, లండయ్ అంటారు వాటిని. మొదటి పాదంలో తొమ్మిది అక్షరాలు, రెండో దానిలో పదమూడు. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు, ఆడవాళ్ల నోటే పుట్టి ఆడవాళ్ల నోటే తిరుగుతాయి. ముసలి మొగుణ్ని తిట్టేవి, ప్రియుణ్ని పిలిచేవి, దూరదేశం పోయినవాణ్ని దెప్పేవి. ఆ రాత్రి షార్జా మీద ఎన్ని కట్టారో. పెద్దకోడలు నవ్వుతూ కొన్నిటికి అర్థం చెప్పింది, కొన్నిటికి చెప్పనంది. మా ఊళ్లో పెళ్లి పాటల్లో వియ్యపురాలిని తిట్టే పాటలు విని పెరిగినదాన్ని, నాకు అర్థం కాకపోతే కదా.

పెళ్లికూతురు మూలన తల వంచుకుని కూర్చుంది. పదిహేడేళ్లో పద్దెనిమిదేళ్లో, ఆమెకే సరిగ్గా తెలియదు. పెళ్లి కాని పిల్లలు నుదుటి మీద జుట్టును సన్నని జడలుగా అల్లుకుంటారు. మా వైపు ఆడవాళ్లు వాటిని విప్పి, దువ్వి, పాపట తీసి వేరేగా అల్లారు. ఆ పని జరుగుతున్నంతసేపూ పిల్ల తల్లి గదిలో లేదు.

మర్నాడు బరాత్. పెళ్లికొడుకు రాలేదు. వాడు ఇంట్లోనే ఉంటాడు, తెచ్చేది బంధువులు. ఊరి పొలిమేరలో పిల్ల వైపు కుర్రాళ్లు ఎదురుగా కొండ మీద ఒక తెల్ల రాయి పెట్టారు. దాన్ని తుపాకీతో కొట్టాలి, కొట్టేదాకా పిల్లను పంపరు. మగవాళ్లు ఒక్కొక్కరే పేల్చడం, తప్పడం, కొండంతా దుమ్ము, పిల్ల వైపు ఆడవాళ్లు మిద్దె మీద నుంచి వెక్కిరింపు పాటలు. చివరికి పెద్దకోడలి భర్త కొట్టాడు. ఆమె ముఖం చూడాలి అప్పుడు! కింద ఢోల్ మొదలైంది, మగవాళ్లు గుండ్రంగా అతన్ ఆడారు. జుట్టు పొడుగ్గా పెంచిన కుర్రాళ్లు ఢోల్ వేగం పెరిగేకొద్దీ తలలు విసిరి తిరుగుతుంటే మేం మిద్దె గోడ సందుల్లోంచి చూశాం.

నికా చదివింది లోపల ఆడవాళ్లకు వినబడలేదు. ఇద్దరు సాక్షులు, పిల్ల చిన్నాన్న, గది తలుపు దగ్గరకు వచ్చారు. నీ తరఫున మాట్లాడే హక్కు ఎవరికిస్తున్నావని అడిగారు. మూడుసార్లు అడిగారు. పిల్ల పలకలేదు. పక్కన కూర్చున్న మేనత్త చిన్నాన్న పేరు చెప్పింది. సాక్షులు వెళ్లిపోయారు. మౌనం అంగీకారమే అని అక్కడా ఒక మాట ఉందట. నేను ఆ పిల్ల పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. ఆమెకు ఇష్టమో కాదో నాకు తెలియలేదు. ఇష్టమే అయ్యుండొచ్చు. అడిగిన పద్ధతిలో మాత్రం తెలుసుకునే దారి లేదు.

మెహర్ కింద కొంత బంగారం, ఒక మడి చెక్క రాశారు. మడి చెక్క ఆమె పేరు మీదికి ఎప్పటికీ రాలేదు.

కొత్తకోడలు ఖురాన్ కింద నుంచి తలుపు దాటి లోపలికి వచ్చింది. మూడు రోజులు తెర వెనక కూర్చోవాలి, నవ్వకూడదు, ఎక్కువ తినకూడదు, చూడటానికి వచ్చే ప్రతి ఆడమనిషికీ ముఖం చూపించాలి. మొదటి సాయంత్రమే పెద్దకోడలు అందరినీ బయటికి పంపి ఆమె దగ్గర చాలాసేపు కూర్చుంది. ఏం చెప్పావని అడిగితే, ‘మీరు క్లాసులో మాకు చెప్పినవే. మా పెళ్లప్పుడు నాకెవరూ చెప్పలేదు’ అంది. నా ఉద్యోగంలో నాకు దొరికిన జీతం అదేననిపించింది ఆ క్షణాన.

పెళ్లయ్యాక కూడా వీలు చిక్కిన శుక్రవారాలు అక్కడికి వెళ్లేదాన్ని. పెళ్లి హడావుడి అంతా మగవాళ్లదే అయినా, ఆ తర్వాత ఇల్లు నడిచేదంతా అదయ్ నడుము దగ్గర వేలాడే తాళంచెవుల మీద. గోధుమపిండి, నెయ్యి, టీ ఆకు, ఎండబెట్టిన మాంసం, అన్నీ ఆవిడ గదిలోనే. ఏ రోజుకారోజు కొలిచి ఇస్తుంది. కొత్తకోడలు అందరికంటే ముందు లేచి తందూరు రాజేయాలి. ఊట నుంచి నీళ్లు, ఆవుకు మేత, కొండ మీద నుంచి కట్టెలు. మంచు పడ్డాక ఊటకు వెళ్లే దారి గాజులా జారేది. పెద్దకోడలు చదువుకుంటోంది కాబట్టి ఆమె వాటా పని కొత్తకోడలి మీద పడింది. తోటికోడళ్ల మధ్య దాని మీద సన్నగా మంట ఉండేది, ఎవరూ బయటికి అనకపోయినా.

మధ్యకోడలి సంగతి వేరు. రెండో కొడుకు అంతర్యుద్ధంలో మందుపాతర మీద కాలేసి చనిపోతే, ఆమెను మూడోవాడికిచ్చి నికా చేశారు. వాడు ఆమె కంటే చాలా చిన్న. బయటివాణ్ని చేసుకుని వెళ్లిపోవచ్చు గానీ పిల్లలు తండ్రి ఇంటికే చెందుతారు, వాళ్లను వదిలిపెట్టాలి. నీకు ఇష్టమయ్యే చేసుకున్నావా అని ఒకసారి అడిగాను. ‘నా పిల్లలు ఈ ఇంట్లో ఉన్నారు’ అంది. వితంతువును బలవంతంగా ఎవరికీ కట్టబెట్టకూడదని, తగాదా తీర్చుకోవడానికి ఆడపిల్లను ఇవ్వకూడదని 2021 డిసెంబరులో, మళ్లీ గద్దెనెక్కిన తాలిబాన్ల నాయకుడే ఉత్తర్వు ఇచ్చాడు. మంచిదే. అయితే పిల్లలు ఎవరి దగ్గర ఉంటారన్నది ఆచారమే తేల్చేచోట, బలవంతం చేయాల్సిన అవసరం ఎవరికి వస్తుంది?

షార్జా వెళ్లినవాడి నుంచి క్యాసెట్లు వచ్చేవి. పట్నంలో అప్పటికే మొబైళ్లు వచ్చాయి గానీ ఆ లోయలో సిగ్నల్ లేదు, ఆడవాళ్లు పట్నానికి ఫోన్ కోసం వెళ్లరు. సెలవుకు వచ్చే ఎవరో ఒకరి చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవాడు. దాన్ని బాబా, అదయ్, అందరూ కలిసి వినేవాళ్లు. తండ్రికి సలాం, తల్లికి సలాం, అన్నలకు సలాం, మేకలు ఎలా ఉన్నాయి, గింజల ధర ఎంత పలికింది. భార్య ప్రస్తావన ఉండదు. పెద్దల ముందు భార్య గురించి అడగడం సిగ్గుచేటు. కొత్తకోడలు తలుపు పక్కన నిలబడి గొంతు మాత్రం వినేది. తిరుగు క్యాసెట్‌లో ఆమె ఏమీ మాట్లాడకూడదు, ఆడగొంతు పరాయివాళ్ల చేతిలో ప్రయాణం చేస్తుంది కదా మరి. మా అమ్మ కూడా నాయనమ్మ ముందు కూర్చునే బాపుకు క్యాసెట్ నింపేది. వానలు పడ్డాయని, బర్రె ఈనిందని చెప్పేది. అయితే మా అమ్మ చివర్లో మమ్మల్ని గట్టిగా దగ్గమని, ఆ దగ్గుల కింద ఏదో గొణిగేది. ఆ ఉపాయం పెద్దకోడలికి చెప్పాను. ఆ తర్వాత వెళ్లిన క్యాసెట్‌లో పిల్లలందరికీ దగ్గు వచ్చిందట.

బిడ్డ 2005 వేసవి చివర్లో పుట్టింది. నేను లేను, పెద్దకోడలు తర్వాతి వారం చెప్పింది. కాన్పు తేలిగ్గానే అయింది గానీ మాయ పడలేదు, రక్తం ఆగలేదు. ఊరి ముసలి మంత్రసాని కొత్తకోడలి జడను ఆమె నోట్లోనే కుక్కి వాంతి తెప్పించమంది. పాతకాలపు పద్ధతి, ఆ కుదుపుకు మాయ ఊడి వస్తుందని. అదయ్ కూడా అదే అంది. పెద్దకోడలు మొదటిసారి అత్తకు ఎదురు చెప్పింది. ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇచ్చి, బిడ్డను రొమ్ముకు పట్టించి, మూత్రం ఖాళీ చేయించి, నేర్చుకున్న తీరున బొడ్డుతాడు పట్టి మాయ తీసింది. ఆపైన పొత్తికడుపు రుద్దుతూనే, బండి సిద్ధం చేయమని మగవాళ్లకు కబురు పంపింది. బండి ఎవరితో పంపాలి, భర్త ఊళ్లో లేనప్పుడు ఎవరు అనుమతివ్వాలి అని హుజ్రాలో మాట్లాడుకుంటుండగానే రక్తం తగ్గింది. ఆ చర్చ ఇంకో గంట సాగి ఉంటే, రక్తం తగ్గకపోయి ఉంటే ఏమయ్యేదో మా క్లాసులో చాలాసార్లు చెప్పుకున్నదే.

మగపిల్లాడైతే తుపాకులు పేల్చేవాళ్లు. ఆడపిల్ల, ఎవరూ పేల్చలేదు. అదయ్ మాత్రం బెల్లం పంచింది. ఆ రోజు నుంచి మందుల పెట్టె తాళం పెద్దకోడలి దగ్గర ఉంది.

2006 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఇంజనీరు ఒకాయన్ని అఫ్ఘానిస్తాన్‌లోనే జాబుల్‌లో ఎత్తుకుపోయి చంపేశారు. ఆ వార్త విన్నాక మా అమ్మ ఫోన్‌లో ఏడుపు తప్ప ఇంకేం మాట్లాడలేదు. ఆ వేసవిలో వచ్చేశాను.

చాలా ఏళ్లు ఏ కబురూ లేదు. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక, మా పాత విద్యార్థినుల్లో ఒకరి ద్వారా పెద్దకోడలి నంబరు దొరికింది. 2022 జూన్‌లో పక్తికా, ఖోస్త్ రాష్ట్రాలను కుదిపిన భూకంపంలో వెయ్యిమందికి పైగా పోయారు. ఖోస్త్‌లో స్పెరా జిల్లా వైపు దెబ్బ ఎక్కువ. వీళ్ల ఇంట్లో హుజ్రా గోడ పడింది, మనుషులు క్షేమం. అదయ్ అంతకు ముందే పోయిందట, బాబా ఇంకా ఉన్నారు.

ఆ రోజు పుట్టిన పిల్ల పెద్దమ్మ దగ్గరే పని నేర్చుకుంటూ పెరిగింది. ఖోస్త్‌లో మంత్రసాని చదువులో చేరింది. 2024 డిసెంబరులో తాలిబాన్లు ఆడవాళ్లకు నర్సింగ్, మంత్రసాని చదువులు కూడా ఆపేశారు. ఇంటికి వచ్చేసింది. అప్పటి నుంచి పెద్దమ్మ వెంట కాన్పులకు వెళ్తోంది, కాగితం లేకుండా.

ఇప్పుడు సంబంధం వచ్చింది. పిల్లాడు రియాద్‌లో డ్రైవరు. తండ్రి, అదే మన షార్జా పెళ్లికొడుకు, వల్వర్ గట్టిగానే అడుగుతున్నాడు. నువ్వే అన్నేళ్లు సిమెంటులో మగ్గావు కదా అని పెద్దకోడలు నిలదీసిందట. ‘నాకు ఇద్దరు కొడుకులున్నారు. వాళ్ల పెళ్లిళ్లకు ఎక్కడి నుంచి తేను?’ అన్నాడట. కూతురికి వచ్చింది కొడుకులకు పోతుంది. లెక్క తప్పని నేననలేను. నాకు నచ్చలేదని మాత్రం చెప్పాను.

పెద్దకోడలు వల్వర్ మీద పోట్లాట మానేసి వేరే బేరం పెట్టింది. పెళ్లయ్యాక పిల్ల కాన్పులు చేయడం ఆపించకూడదని నికా కాగితంలో షరతు రాయాలంది. సాక్షులు తలుపు దగ్గరకు వచ్చినప్పుడు పిల్ల తన నోటితోనే జవాబు చెప్పాలని కూడా పట్టుబట్టింది. రెండోదానికి పిల్లాడి వాళ్లు ఒప్పుకున్నారు. మొదటిదానికి రియాద్ నుంచి జవాబు రావాలి.